పాత ఎంజీబీయా, కొత్త కొరొల్లానా: ఏ ఇంటికి ఏ కారు?

బ్రిటన్‌లో స్థిరపడిన మన కుటుంబాల్లో, ఉద్యోగం కుదుటపడి ఇంటి అప్పు ఒక దారికి వచ్చిన తరువాత, కారు విషయంలో ఒక మీమాంస తలెత్తుతుంది. పదిహేను, ఇరవై వేల పౌండ్లు పక్కన పెట్టగలిగినప్పుడు, ఆ డబ్బును ఇంటిల్లిపాదికీ పనికొచ్చే ఈ కాలపు కారు మీద పెట్టాలా, లేక ఎన్నాళ్లుగానో మనసు పడ్డ పాత స్పోర్ట్స్ కారు మీద పెట్టాలా అన్నది ఆ మీమాంస. ఈ రెండు రకాల కార్లకూ అసలు పోలికే లేదని కొందరు కొట్టిపారేస్తారు. అయితే ఇంటి ముందు చోటు ఒక్క కారుకే ఉన్నప్పుడు, చేతిలోని డబ్బు ఒక్క కారుకే సరిపోయినప్పుడు, పోల్చి చూసుకోక తప్పదు. ఈ ఎంపికను చివరికి తేల్చేది డబ్బు కాదని, ఆ కారులో ఎవరు కూర్చుంటారు, రాత్రిపూట దాన్ని ఎక్కడ ఉంచుతారు అన్న రెండు ప్రశ్నలేనని నా అభిప్రాయం. అది ఎందుకో వివరించడానికే ఈ వ్యాసం.

పోలిక గాలిలో తేలిపోకుండా రెండు నిర్దిష్టమైన కార్లను తీసుకుంటున్నాను. పాత వాటిలో ఎంజీబీ. ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 వరకు ఐదు లక్షలకు పైగా తయారైన కారు ఇది. అందువల్ల పాత స్పోర్ట్స్ కార్లలో సులభంగా దొరికేదీ, విడిభాగాలకు వెతుక్కోనక్కర లేనిదీ ఇదే. కొత్త వాటిలో టయోటా కొరొల్లా టూరింగ్ స్పోర్ట్స్ 1.8 హైబ్రిడ్. పేరులో స్పోర్ట్స్ ఉన్నా ఇది పెద్ద డిక్కీ ఉన్న కుటుంబ వాహనం. డెర్బీషైర్‌లోని బర్నస్టన్ ఫ్యాక్టరీలో తయారవుతోంది. ఎంజీ అనగానే హైదరాబాదు రోడ్ల మీద తిరిగే హెక్టర్ గుర్తుకు వచ్చేవారికి ఒక మాట చెప్పాలి. పేరు అదే అయినా, ఆ బ్రాండు ఇప్పుడు చైనాకు చెందిన శాయిక్ సంస్థది. ఇక్కడ మనం మాట్లాడుకునేది, మారిస్ గ్యారేజెస్ అన్న పాత పేరు నుంచి వచ్చిన ఎంజీ గురించి.

రెండూ 1,798 సీసీ ఇంజిన్లే

ఈ జంటను ఎంచుకోవడానికి మరొక కారణం కూడా ఉంది. రెండు కార్ల ఇంజిన్ల పరిమాణమూ 1,798 సీసీయే. ఎంజీబీ ఇంజిన్‌లో సిలిండరు వ్యాసం 80.26 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 88.9 మిల్లీమీటర్లు. కొరొల్లాలో అవి వరుసగా 80.5, 88.3. రెంటిలోనూ నాలుగేసి సిలిండర్లే. పాత ఇంజిన్ సుమారు 95 హార్స్‌పవర్ ఇస్తే, కొరొల్లాలోని పెట్రోలు ఇంజిన్ ఒక్కటీ ఇచ్చేది దాదాపు 98 మాత్రమే. మిగిలిన బలం విద్యుత్ మోటారుది. రెండూ కలిస్తే 2023 నుంచి వస్తున్న కార్లలో 140 వరకు అందుతుంది.

అంటే ఈ అరవై ఏళ్ల ఇంజినీరింగ్ శ్రమ బలం పెంచడం కోసం ఖర్చు కాలేదు. పెట్రోలు వృథా కాకుండా చూడటం, లోపల కూర్చున్నవారి ప్రాణాలు కాపాడటం, నడిపేవారికి పని తగ్గించడం అనే మూడింటి కోసం ఖర్చయింది. కొరొల్లా ఇంజిన్ అట్కిన్సన్ పద్ధతిలో పనిచేస్తుంది. ఇన్‌టేక్ వాల్వును ఆలస్యంగా మూసి, బలాన్ని కొంత వదులుకుని మైలేజీని సంపాదిస్తుంది. ఎంజీబీలో రెండు ఎస్‌యూ కార్బురేటర్లు తమకు చేతనైనంత పెట్రోలును అందిస్తాయి. దాన్ని ఎంత పొదుపుగా వాడాలన్నది మీ కుడికాలి చేతిలో ఉంటుంది. ఎంజీబీలో నడిపేవారికి మిగిల్చిన ఆ పనే ఒకరికి ఆనందం, మరొకరికి భారం.

లోపల ఎవరు కూర్చుంటారు?

ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే. ఎంజీబీ రోడ్‌స్టర్‌లో రెండే సీట్లు. 1965లో వచ్చిన జీటీ అనే పైకప్పు ఉన్న రకంలో వెనకాల ఒక చిన్న బెంచీ ఉంటుంది గాని, పెద్దవాళ్లు అందులో తల ఎత్తి కూర్చోలేరు. అది పిల్లల కోసమని అమ్మేవారు చెబుతారు. ఆ మాటను బ్రిటన్ చట్టంతో కలిపి చదువుకోవాలి. పిల్లలకు పన్నెండేళ్లు నిండేవరకు గాని, 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు గాని, ఏది ముందైతే అంతవరకు, తగిన చైల్డ్ సీటు వాడాలి. చాలా జీటీల్లో వెనక సీటుకు బెల్టులే ఉండవు. బెల్టులు లేని పాత కారులో మూడేళ్ల లోపు పిల్లలను ఎక్కించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. మూడేళ్లు దాటినవారిని వెనక సీట్లో మాత్రమే కూర్చోబెట్టవచ్చు. చట్టం ఒప్పుకున్నా, బెల్టు లేకుండా బిడ్డను వెనక కూర్చోబెట్టి అరవై మైళ్ల వేగంతో వెళ్లడం నాకు సమ్మతం కాదు. మీకూ కాకూడదని గట్టిగా కోరుకుంటాను.

రక్షణ విషయంలో ఈ రెండు కార్ల మధ్య ఉన్న తేడాను ఏ అభిమానమూ పూడ్చలేదు. ఎంజీబీలో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, ఎదుట ప్రమాదం కనిపిస్తే తనంతట తాను బ్రేకు వేసే ఏర్పాటు లేదు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి. తొలినాళ్ల కార్లలో చాలావాటికి సర్వో సహాయం ఉండదు కనుక పెడల్‌ను కాలి బలంతోనే తొక్కాలి. కొరొల్లాకు 2019లో యూరో ఎన్‌క్యాప్ అనే భద్రతా పరీక్షలో ఐదు నక్షత్రాలు వచ్చాయి. పక్క లేన్‌లోకి తెలియకుండా జరిగితే హెచ్చరిస్తుంది, ముందున్న బండి ఆగితే తానూ ఆగుతుంది. రాత్రి డ్యూటీ ముగించుకుని నిద్ర కళ్లతో ఇంటికి వెళ్లే వైద్యులకు, నర్సులకు ఈ ఒక్క కారణం చాలు. రోజువారీ ప్రయాణానికి ఎంజీబీని మరచిపోవాలి.

మన ఇళ్లలో ఇంకొక సంగతి కూడా ఉంది. అమ్మానాన్నలో, అత్తమామలో విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలల వరకు ఉంటారు. వారిని హీత్రో నుంచి పెట్టెలతో సహా తీసుకురావాలి, వారాంతాల్లో టివిడేల్ బాలాజీ ఆలయానికి తీసుకెళ్లాలి. ఎంజీబీ సీటు నేలకు చాలా దగ్గరగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు అందులోకి దిగడం ఒక ఎత్తు, దాంట్లోంచి లేవడం మరొక ఎత్తు. రోడ్‌స్టర్ డిక్కీలో స్టెప్నీ పోగా మిగిలే చోటు రెండు గుడ్డ సంచులకే సరిపోతుంది. కొరొల్లా టూరింగ్ స్పోర్ట్స్ డిక్కీ 596 లీటర్లు. విమానం దిగిన పెద్ద పెట్టెలు, వాటితోపాటు ఆవకాయ జాడీ కూడా వెనక సీటు మడవకుండానే పడతాయి. అదే కొరొల్లా హ్యాచ్‌బ్యాక్ అయితే 361 లీటర్లే కనుక, కుటుంబం కోసం కొనేవారు ఆ పొట్టి రకం జోలికి వెళ్లవద్దని నా సలహా.

రాత్రిపూట కారు ఎక్కడ ఉంటుంది?

ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు. శరీరమే దాని ఎముకల గూడు. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే డబ్బా ఆకారపు ఇనుప భాగాన్ని సిల్ అంటారు. పైకి అది అలంకారపు పట్టీలా కనిపిస్తుంది గాని, కారు మధ్యలో వంగకుండా ఆపేది అదే. రోడ్‌స్టర్‌కు పైకప్పు లేదు కాబట్టి ఆ భారం మరీ ఎక్కువ. బ్రిటన్‌లో శీతాకాలమంతా రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చక్రాల వంపుల్లోంచి సిల్ లోపలికి చేరి, బయటికి ఏమీ కనిపించకుండానే లోపల తినేస్తుంది. తుప్పు బుడగలు బయట కనిపించే వేళకు లోపలి పొరలు ఎప్పుడో పోయి ఉంటాయి.

అందువల్ల ఎంజీబీ కొనేవారికి పొడిగా ఉండే గ్యారేజీ అవసరం. వీధిలో, అద్దె ఫ్లాటు కింద, చెట్టు కింద ఉంచాలనుకునేవారు ఎంత మంచి కారు కొన్నా, కొన్ని శీతాకాలాల్లో దాన్ని పాడుచేసుకుంటారు. తడిసిన కారు మీద నీరు పోని కవరు కప్పడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. లోపలి చెమ్మ బయటికి పోదు. గ్యారేజీ లేనివారు ఈ వ్యాసాన్ని ఇక్కడే ఆపి కొరొల్లా చూసుకోవచ్చు. ఇది కఠినంగా అనిపించవచ్చు కాని, ఇష్టపడి కొన్న వస్తువు కళ్ల ముందే కరిగిపోతుంటే కలిగే బాధ కంటే ఈ మాట నయం.

కొరొల్లాకు ఈ బెంగ లేదు. దాన్ని వాన కింద వదిలేసినా, డిసెంబరు ఉప్పులో తిప్పినా, మొదటి పదేళ్లలో తుప్పు గురించి ఆలోచించే అవసరం దాదాపుగా రాదు.

మీ చేతిలో ఎంత తీరిక ఉంది?

చల్లని ఉదయాన ఎంజీబీని ఎలా మొదలుపెడతారో చూస్తే ఈ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. తాళం ఒక మెట్టు తిప్పగానే వెనక నుంచి పెట్రోలు పంపు టిక్కుటిక్కుమని కొట్టుకుంటుంది. కార్బురేటర్ల గిన్నెలు నిండాక ఆ చప్పుడు నెమ్మదించి ఆగుతుంది. అప్పుడు చోక్ లాగి స్టార్టర్ తిప్పాలి. ఇంజిన్ అందుకున్నాక చోక్‌ను కొద్దికొద్దిగా లోపలికి నెడుతూ, వేడెక్కేదాకా నిదానంగా వెళ్లాలి. పంపు ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటే ఎక్కడో పెట్రోలు కారుతోందనో, ట్యాంకు ఖాళీ అయిందనో అర్థం. కారు తన ఆరోగ్యాన్ని ఇలా చెవికి చెబుతుంది. ఆ భాష నేర్చుకోవడానికి ఇష్టపడేవారికే అది తగినది. కొరొల్లాలో బటన్ నొక్కితే ఒక చిన్న దీపం వెలుగుతుంది, ఏ శబ్దమూ రాదు, కారు కదులుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు ఇద్దరు పిల్లలను రెండు వేర్వేరు బడులకు చేర్చాల్సిన తల్లికి కావలసింది ఆ నిశ్శబ్దమే.

ఎంజీబీకి ముందు చక్రాలను పట్టి ఉంచే కింగ్‌పిన్‌లకు ప్రతి 3,000 మైళ్లకోసారి గ్రీజు కొట్టాలి. కార్బురేటర్ల పైభాగంలోని చిన్న గొట్టాల్లో నూనె తగ్గకుండా చూడాలి, వాల్వుల సందు సరిచూడాలి, ఇగ్నిషన్ పాయింట్లు అరిగితే మార్చాలి. ఈ పనులన్నీ సాధారణ పానాలతో, ఒక మాన్యువల్ పక్కన పెట్టుకుని, ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. బానెట్ ఎత్తితే ప్రతి భాగమూ చేతికి అందుతుంది. పన్నెండేళ్ల కూతురికి ఇంజిన్ అంటే ఏమిటో చూపించాలనుకునే తండ్రికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఉండదు. సందేహం వస్తే తీర్చేవారికీ కొదవ లేదు: 1930లో మొదలైన ఎంజీ కార్ క్లబ్‌కూ, 1973లో వచ్చిన ఎంజీ ఓనర్స్ క్లబ్‌కూ దేశమంతటా స్థానిక శాఖలున్నాయి. చివరికి కొత్త శరీరం కూడా దొరుకుతుంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988 నుంచి అసలు అచ్చులతోనే ఎంజీబీ బాడీలను మళ్లీ తయారుచేస్తోంది.

కొరొల్లాకు ఏడాదికోసారి, లేదా 10,000 మైళ్లకోసారి సర్వీసింగ్ చేయిస్తే చాలు. టయోటా అధీకృత సర్వీసు కేంద్రంలో ఏటా చేయిస్తూ ఉంటే పదేళ్లు లేదా లక్ష మైళ్ల దాకా వారంటీ కొనసాగుతుంది. అయితే ఇంటి దగ్గర మీరు చేయగలిగింది టైర్లలో గాలి చూసుకోవడం, అద్దాలు తుడిచే నీళ్లు నింపడం తప్ప పెద్దగా ఏమీ లేదు. వారంటీ ముగిశాక ఏదైనా ఎలక్ట్రానిక్ భాగం పోతే దాన్ని బాగుచేయడం చాలావరకు కుదరదు, మొత్తంగా మార్చాల్సి వస్తుంది.

డబ్బు సంగతి

కింది పట్టికలోని ధరలు స్థూలమైనవే. కారు స్థితిని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారతాయి. నిబంధనలు బ్రిటన్‌కు సంబంధించినవి.

| అంశం | ఎంజీబీ | కొరొల్లా టూరింగ్ స్పోర్ట్స్ 1.8 |
|---|---|---|
| కొనే ధర | తిరగగల స్థితిలోని జీటీ 6,000–10,000 పౌండ్లు. మంచి రోడ్‌స్టర్ 10,000 దాటి | కొత్తది 30,000 పౌండ్ల పైమాట. మూడు, నాలుగేళ్లది దానిలో సగం నుంచి మూడింట రెండు వంతులు |
| రోడ్డు పన్ను | లేదు (40 ఏళ్లు దాటిన వాహనం) | ఉంది (2025–26లో 195 పౌండ్లు) |
| ఎంఓటీ (వాహన భద్రతా) పరీక్ష | గణనీయమైన మార్పులు చేయకపోతే తప్పనిసరి కాదు | మూడేళ్ల తరువాత ఏటా |
| మైలేజీ | లీటరుకు 9–10 కి.మీ. | లీటరుకు 20 కి.మీ. దాటి |
| పెట్రోలు | ఈ5 సూపర్ (ఇథనాల్ తక్కువది) మేలు | మామూలు ఈ10 |
| లండన్ యూలెజ్ (కాలుష్య) రుసుము | హిస్టారిక్ తరగతిలో ఉంటే లేదు | లేదు |
| పొడవు | సుమారు 3.9 మీటర్లు | 4.65 మీటర్లు |
| విలువ | బాగా చూసుకుంటే నిలకడగా | ఏటేటా తగ్గుతుంది |

పట్టిక చూడగానే ఎంజీబీయే చవక అనిపిస్తుంది. ఆ అభిప్రాయం సగమే నిజం. రెండు వైపులా సిల్‌లు కోసి కొత్తవి అతికించి, రంగు వేయించేసరికి బిల్లు వేల పౌండ్లలో వస్తుంది. హెరిటేజ్ బాడీ అయితే రంగు వేయించక ముందే పదివేలు దాటుతుంది. మరమ్మతుల మీద పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు. అందుకే ఆరువేలకు దొరికే తుప్పుపట్టిన రోడ్‌స్టర్ కంటే, పన్నెండు వేలకు దొరికే గట్టి రోడ్‌స్టర్ చవకైనదని ఎంజీబీలు ఎరిగిన వారందరూ చెబుతారు.

ఎంఓటీ లేదన్న సంగతిని లాభంగా చూడవద్దు. చట్టం అడగకపోయినా ఏటా ఆ పరీక్ష చేయించండి. గరిష్ఠ రుసుము 54.85 పౌండ్లే, ఆ సొమ్ముతో తెలిసిన కన్ను ఒకటి కారు కింద చూస్తుంది. పన్ను సున్నా అయినా ఏటా టాక్స్ నమోదు మాత్రం చేయించాల్సిందే. లండన్‌లో యూలెజ్ మినహాయింపు ఉన్నా, నగర మధ్యభాగంలో కంజెషన్ చార్జి కట్టాలి.

పెట్రోలు విషయం కొంచెం వివరంగా చెప్పాలి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు అంటే ఈ10, అంటే పది శాతం వరకు ఇథనాల్ కలిసినది. పాత రబ్బరు గొట్టాలను, సీళ్లను అది మెత్తబరిచి చీలుస్తుంది. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారడం మంటలకు దారి తీస్తుంది కనుక, గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చారా అని అమ్మేవారిని తప్పక అడగాలి. వాల్వు సీట్లు అరగకుండా కాపాడిన సీసం కలిపిన పెట్రోలు 2000 నాటికే నిలిచిపోయింది కాబట్టి, గట్టి వాల్వు సీట్లు వేయించారో లేదో కూడా అడగాలి.

బీమా ఎంజీబీకి తక్కువే పడుతుంది. కాని క్లాసిక్ పాలసీలకు షరతులుంటాయి. ఏడాదికి తిరిగే మైళ్ల మీద హద్దు ఉంటుంది, రోజువారీ వాడకానికి మరొక కారు ఉండాలంటారు, ఆఫీసుకు వెళ్లిరావడాన్ని చాలా పాలసీలు మినహాయిస్తాయి, నో-క్లెయిమ్ బోనస్ చాలావరకు పోగుపడదు. ఒక్క కారుతో గడపాలనుకునేవారికి ఈ షరతులే పెద్ద అడ్డంకి.

రోడ్డు మీద

గణాంకాల ప్రకారం కొరొల్లాయే వేగమైనది. గంటకు అరవై మైళ్ల వేగం అందుకోవడానికి ఎంజీబీ సుమారు పన్నెండు సెకన్లు తీసుకుంటే, 140 హార్స్‌పవర్ కొరొల్లాకు తొమ్మిది సెకన్ల పైచిలుకు చాలు. మోటర్‌వే మీద ఈ తేడా ఇంకా తెలుస్తుంది. ఓవర్‌డ్రైవ్ (అదే వేగంలో ఇంజిన్ చుట్లు తగ్గించే అదనపు గేరు అమరిక) లేని ఎంజీబీలో డెబ్బై మైళ్ల వేగంలో ఇంజిన్ నిమిషానికి 3,900 చుట్లు తిరుగుతుంది. మాట్లాడుకోవాలంటే గొంతు పెంచాలి. ఓవర్‌డ్రైవ్ ఉంటే అది 3,200 ప్రాంతానికి దిగుతుంది. అందుచేత ఓవర్‌డ్రైవ్ లేని ఎంజీబీని దూర ప్రయాణాల కోసం కొనవద్దు.

అయితే కాట్స్‌వోల్డ్స్ లోనో, వేల్స్ కొండల్లోనో, రెండు వైపులా కంచెలున్న సన్నని దారిలో నలభై మైళ్ల వేగంతో వెళ్తున్నప్పుడు లెక్కలు తారుమారవుతాయి. ఎంజీబీ స్టీరింగ్‌కు పవర్ సహాయం లేదు. చక్రం గులకరాయి తొక్కినా చేతికి తెలుస్తుంది. గేరు కర్ర పొట్టిది. మణికట్టు కదిలితే గేరు పడుతుంది. వంపుకు ముందు బ్రేకు, గేరు, మళ్లీ యాక్సిలరేటరు అన్న క్రమాన్ని మీరే కుదుర్చుకోవాలి. కుదిరినప్పుడు కలిగే తృప్తికి వేగంతో పనిలేదు. కొరొల్లాలో అదే దారిని హాయిగా దాటుతారు, ఇంటికి వచ్చాక ఆ దారి మాత్రం గుర్తుండదు. పైగా ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కితే ఇంజిన్ హోరు ముందు, వేగం తరువాత వస్తాయి. హైబ్రిడ్ గేరు అమరిక స్వభావమే అది.

ఎవరికి ఏది?

ఇంట్లో పదేళ్ల లోపు పిల్లలుండి, ఉండేది ఒక్క కారే అయితే సందేహం అక్కర లేదు. మూడు, నాలుగేళ్ల వయసున్న కొరొల్లా టూరింగ్ స్పోర్ట్స్ కొనండి. ఎంజీబీలు ఇంకో పదేళ్ల తరువాత కూడా దొరుకుతాయి. విడిభాగాలు, క్లబ్బులు చూస్తే ఆ నమ్మకం నాకు గట్టిగా ఉంది.

ఇంట్లో ఇప్పటికే నమ్మదగిన కారు ఉండి, గ్యారేజీ ఉండి, పిల్లలు పెద్దవాళ్లయినవారికి నా సలహా దీనికి పూర్తిగా భిన్నం. ఉన్న కారును మార్చి మరింత కొత్త కుటుంబ కారు కొనడం వల్ల వారి జీవితంలో మారేది చాలా తక్కువ. అదే డబ్బులో సగంతో గట్టి జీటీ ఒకటి కొంటే, వారాంతాలకు ఒక పని, చేతులకు ఒక విద్య, కొత్త స్నేహితుల బృందం వస్తాయి. యాభై దాటి నడుమునొప్పి ఉన్నవారు మాత్రం కొనే ముందు ఒక రోజు అద్దెకు తీసుకుని గంటసేపు ఆపకుండా నడిపి చూడాలి. బ్రిటన్‌లో క్లాసిక్ కార్లను అద్దెకిచ్చేవారు చాలామందే ఉన్నారు.

లండన్ వంటి నగరంలో వీధి పార్కింగుతో ఒంటరిగా ఉండేవారు స్పోర్ట్స్ కారే కావాలంటే, 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5 వైపు చూడవచ్చు. ఎంజీబీ తరహా రెండు సీట్ల ఆలోచనను జపాన్ వారు నమ్మకమైన ఇంజిన్‌తో మళ్లీ చేసి చూపిన కారు అది. తరువాతి తరాల్లో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ కూడా ఉంటాయి. దాని సిల్‌లకూ తుప్పు పడుతుంది కనుక పరీక్షించడం మాత్రం మానవద్దు.

ఇండియాకు తిరిగి వెళ్లేటప్పుడు ఎంజీబీని వెంట తీసుకెళ్లాలనుకునేవారు 2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు చదువుకోవాలి. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని వాహనానికి 20,000 రూపాయల రుసుముతో పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇస్తారు, నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలుంటాయి. కాని దాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కించాలి. రోజూ ఆఫీసుకు తిప్పడం కుదరదు. దిగుమతి సుంకం, అనుమతుల సంగతి అది వేరే. అక్కడి బంకుల్లో ఇప్పుడు దొరికేది ఇరవై శాతం ఇథనాల్ ఉన్న ఈ20 కాబట్టి, గొట్టాల గురించి పైన చెప్పినది అక్కడ మరింత వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో ఉన్న మనవారికి విషయం సులువు: 1975, అంతకు ముందటి మోడళ్లకు అక్కడ స్మాగ్ (పొగ) పరీక్ష అక్కర లేదు.

ఎంజీబీ చూడటానికి వెళ్లినప్పుడు

మొదట సంవత్సరం తేల్చుకోండి. 1964 చివరి నుంచి ఇంజిన్ క్రాంక్‌కు మూడు బేరింగుల స్థానంలో ఐదు వచ్చాయి. అవి ఎక్కువ కాలం మన్నుతాయి. 1967 చివర వచ్చిన మార్క్ టూ నుంచి మొదటి గేరుకు కూడా సింక్రో (గేరు సాఫీగా పడేలా చేసే అమరిక) ఉంది, బ్యాటరీ పాజిటివ్ కొసను కారు శరీరానికి కలిపే పాత పాజిటివ్ ఎర్త్ విద్యుత్ పద్ధతి పోయింది. 1974 చివరి నుంచి అమెరికా నిబంధనల కోసం నల్ల రబ్బరు బంపర్లు పెట్టి కారు ఎత్తు పెంచారు. ఆ తొలి రబ్బరు బంపర్ కార్లు వంపుల్లో ఎక్కువగా వాలతాయి. 1976లో చేసిన సవరణల తరువాతివి మెరుగు. ధరలో అవే చవక కనుక, రూపం పట్ల పట్టింపు లేనివారికి 1977–80 మధ్యవి మంచి బేరం.

కారు చుట్టూ తిరిగేటప్పుడు మెత్తని గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకోండి. సిల్ మీద, చక్రాల వంపుల కింది భాగంలో అది అంటుకోకపోతే, రంగు కింద ఇనుముకు బదులు పుట్టీ ఉందన్నమాట. తరువాత అమ్మేవారి అనుమతితో, కారు కింద పక్కగా ఉండే జాకీ స్థానంలో జాకీ పెట్టి కొద్దిగా లేపించి, తలుపు వెనక అంచు దగ్గర సందును గమనించండి. కారు లేస్తున్నకొద్దీ ఆ సందు ఇరుకవుతుంటే, తలుపు తెరిచి మూయడం కష్టమవుతుంటే, సిల్‌లో బలం లేదు. ఎంత అందంగా పాలిష్ చేసి ఉన్నా ఆ కారు వద్దు.

ఆ పరీక్ష నెగ్గితే ఇరవై నిమిషాలు నడపండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, రోడ్డు మీద వేగంగా వెళ్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ముల్లు 50 పైన నిలవాలి. ఓవర్‌డ్రైవ్ మీట నొక్కగానే ఇంజిన్ చుట్లు స్పష్టంగా తగ్గాలి. తిరిగి వచ్చాక వీ5సీ అనే రిజిస్ట్రేషన్ పత్రంలో పన్ను తరగతి హిస్టారిక్ అని ఉందో లేదో చూడండి. నలభై ఏళ్లు దాటినా ఆ మార్పు చేయించని కార్లు ఉంటాయి. అలాంటిదైతే కొన్న తరువాత తరగతి మార్పించే బాధ్యత మీదవుతుంది, ఆ మార్పు నమోదయ్యేదాకా పన్ను మినహాయింపు వర్తించదు.